ఏటి సంబరాల్లో ఆంటీ, అన్న

సౌండు మనిషి ఫోనులో అన్నది ఒకటి, కలెక్టరాఫీసులో హైమవతి విన్నది ఇంకొకటి. అన్నదానికీ విన్నదానికీ మధ్య పక్కగది క్యాంటీనులో అల్లప్పచ్చడి రుబ్బుతున్న మిక్సీ ఉంది.

"మేడమ్, స్టేజీ మీద మా యాంటెన్నాకి జాగా కావాలి. ఎత్తుగా ఉండాలి. ముందర ఎవరూ అడ్డం నిలబడకూడదు" అని గోపు శౌరిబాబు విశాఖపట్నం నుంచి వస్తున్న వ్యానులోంచి అరిచాడు. 'మా ఆంటీ, అన్నాకి జాగా కావాలి' అని హైమవతి చెవిన పడింది. ప్రొటోకాల్ విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా చేస్తున్న ఆమెకు ఇందులో వింతేమీ తోచలేదు. జిల్లా ఉత్సవం అన్నాక స్టేజీ మీద జాగా అడగని అన్నంటూ ఉండడు. పైగా ఎత్తుగా కూర్చోబెట్టమంటున్నారు, ముందర ఎవరూ ఉండకూడదంటున్నారు. అంటే చిల్లర అన్న అయి ఉండడు. పూర్తి పేర్లు అడగబోయేసరికి లైను తెగింది. పెద్దవాళ్ళకు తిరిగి ఫోను చేసి 'మీరెవరు' అని అడగడం మర్యాద కాదు కనక, వేదికపై ఆసీనులయ్యే ప్రముఖుల జాబితాలో 'శ్రీమతి ఆంటీ గారు, శ్రీ అన్న గారు, విశాఖపట్నం' అని టైపు చేసి పైకి పంపింది.

కలెక్టరు గారి కలం ఆ వరుస దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఎవరి తాలూకు అని అడగాలనిపించింది. అడిగితే తనకు తెలియదని అందరికీ తెలిసిపోతుంది. సంతకం పెట్టేశారు. జాబితా మంత్రిగారి పేషీకి వెళ్ళిపోయింది. పేషీ కూడా సరిగ్గా అదే కారణం చేత ఎవరినీ ఏమీ అడగలేదు.

ప్రొటోకాల్ సూపరింటెండెంటు దూసి సన్యాసిరావుది పేరుకే సన్యాసం, ధ్యాసంతా కుర్చీల మీదే. తన కుర్చీ కాదు, పరుల కుర్చీలు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే మర్నాడు ధర్నా అవుతుంది, ఎవరి కుర్చీ వీపుకు టర్కీ తువాలు వెయ్యాలి, ఎవరి ముందు జీడిపప్పు పెట్టాలి, ఎవరికి ఉత్త నీళ్ళ సీసాతో సరిపెట్టాలి, ఇవన్నీ ఆయనకు కరతలామలకం. సర్వీసంతా స్టేజీ పక్క తెర చాటున నిలబడే గడిపాడు. జిల్లాలో అందరినీ కూర్చోబెట్టిన మనిషి ఒక్కసారి కూడా వేదికెక్కి కూర్చోలేదు. అలా నిలబడి నిలబడి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఇప్పుడు మెట్లు చూస్తే చాలు, మోకాళ్ళు ముందే దండం పెట్టేస్తున్నాయి.

ఈ ఏడు ఆయన ప్రాణమంతా ఆ మోకాళ్ళలోనే ఉంది. దానికి కారణం నిరుటి ఉత్సవం.

ఉత్సవం పేరు 'ఏటి సంబరాలు'. ఏటి ఒడ్డున చేస్తాం కనక ఏటి సంబరాలు అని రాజధాని నుంచి వచ్చిన పెద్దలు ముచ్చటపడి పెట్టారు. ఉత్తరాంధ్రలో 'ఏటి' అంటే 'ఏమిటి' అని కూడా అర్థమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచీ ఫ్లెక్సీ చదివిన ప్రతివాడూ "ఏటి సంబరాలు?" అని అడగడం, పక్కవాడు "అవే" అనడం జిల్లాలో మామూలైపోయింది.

నిరుడు ఆ సంబరాల్లో బోనెల పైడమ్మ పాడింది. పైడమ్మ గొంతెత్తితే ఏటి అవతలి ఒడ్డున మేస్తున్న గేదెలు తలెత్తుతాయని ప్రతీతి. ఆమె వెనక ఎనిమిది డప్పులు. పాడే మనిషికి తన గొంతూ తన డప్పూ వినిపించాలి కనక స్టేజీ అంచున ఆమె వైపు తిప్పి నల్లటి స్పీకరు పెట్టెలు పెట్టారు. ఆ పెట్టెల వల్ల ఫొటోల్లో మంత్రిగారు బొడ్డు నుంచి కిందికి కనిపించడం లేదని పేషీ గుర్తించింది. పాట నడుస్తుండగానే పెట్టెలు పీకించింది. డప్పు వినబడక పైడమ్మ తాళం తప్పి, పాట ఆపి, "ఇంక నాను పాడనేను బావూ" అని దండం పెట్టి దిగిపోయింది. జనం ఈలలు వేశారు. సగం పాటకు నిండు చప్పట్లు కొట్టవలసి వచ్చినందుకు మంత్రిగారి ముఖం చిన్నబోయింది.

దాని మీద రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఇకపై వేదిక మీద ఏ విధమైన పెట్టెలూ ఉండరాదు. వచ్చే ఏడు అదే పైడమ్మ అదే పాటను మంత్రిగారి సమక్షంలో ఎక్కడా ఆగకుండా పూర్తి చేయవలెను. ఆగిందో, సన్యాసిరావు కొండల మీది గిరిజన గూడేల సర్వే విభాగానికి బదిలీ. అక్కడ జీపు వెళ్ళేది సగం దూరమే, తక్కిన సగం కాళ్ళతోనే ఎక్కాలి. 'నీ మోకాళ్ళకి ఒక కొండ చాలు' అని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. అంటే పైడమ్మ పాట ఆగితే సన్యాసిరావు నడక ఆగుతుంది.

పెట్టె కూడదన్నారు కనక చెవిలోనే పెట్టాలని తేలింది. పాడేవాళ్ళ చెవుల్లో బఠాణీ గింజలంత స్పీకర్లు దూర్చి, నడుముకు చిన్న డబ్బా కట్టి, దానికి గాలిలోంచి పాట పంపిస్తారట. జనం చెవిలో పువ్వులు పెట్టడంలో మంత్రిగారి శాఖకు అపారమైన అనుభవం ఉంది కానీ, చెవిలో స్పీకరు పెట్టడం ఇదే మొదలు. అందుకే విశాఖపట్నం నుంచి శౌరిబాబును పిలిపించారు.

ఎవరికీ ఎన్నడూ సారీ చెప్పని శౌరి అతను. వ్యాను దిగగానే స్టేజీని ఎగాదిగా చూసి, "పెళ్ళి పందిరి ఎవరిది సార్?" అన్నాడు. సన్యాసిరావు ఆ మాట విననట్టు నటించి, ఆంటీ గారూ అన్న గారూ ఏ కారులో దయచేస్తున్నారో, శాకాహారమా మాంసాహారమా అని వినయంగా విచారించాడు. శౌరి ఈసారి ఆయన్ని కూడా ఎగాదిగా చూశాడు. తరవాత శౌరి వ్యానులోంచి ఒక సంచీ తీసి, అందులోంచి విసనకర్రంత వెడల్పున, చేపముల్లుకు తారు పూసినట్టున్న నల్లటి పలకను పైకి లాగాడు.

"ఇదిగో మీ అన్న. ఆంటీ కూడా ఇదే" అన్నాడు.

హైమవతి నాలుక కరుచుకుంది. జాబితా దిద్దుదామని సన్యాసిరావు కలం కూడా తీశాడు. ఇంతలో శౌరి అసలు సంగతి చెప్పాడు. గాలిలోకి పాట పంపేది ఇదే, దీని ముక్కు ఎప్పుడూ పైడమ్మ నడుముకున్న డబ్బా వైపే తిరిగి ఉండాలి. మధ్యలో మనుషులు అడ్డం ఉంటే చెవిలో ఏమీ వినబడదు.

"మనిషంటే నీళ్ళకుండ సార్. సిగ్నలు నీళ్ళలో మునిగిపోద్ది. ఒకరిద్దరైతే ఎలాగో ఈదుకొస్తది. మీ స్టేజీ మీద ఎంతమంది ఉంటారు?"

జాబితాలో ఉన్నవాళ్ళు నలభై మంది, జాబితాలో లేకుండా ఎక్కేవాళ్ళు ఎప్పుడూ దానికి రెట్టింపు అని సన్యాసిరావు నిజాయితీగా ఒప్పుకున్నాడు.

"అయితే అది స్టేజీ కాదు సార్, చెరువు."

సన్యాసిరావు తీసిన కలం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. సర్కారు స్టేజీల గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వైరు అంటే తొక్కుతారు, స్టాండు అంటే తోస్తారు, 'ముట్టరాదు' అని బోర్డు పెడితే అది గట్టిగా ఉందో లేదో ముట్టి చూస్తారు. ఆ స్టేజీ మీద ముందు ఎవరూ నిలబడకుండా, చుట్టూ తాడు కట్టి, పక్కన కానిస్టేబులును పెట్టించుకునే యోగ్యత ఒక్క పెద్దమనిషికే ఉంటుంది. పేరుకు ముందు శ్రీ ఉంటేనే మనిషికి ముందు ఎవరూ ఉండరు. కాబట్టి ఈ ఇనుప పలక పలకగా ఉంటే పాట ఆగుతుంది, అన్నగా ఉంటే సాగుతుంది.

"అన్న గారు ఉంటారు" అన్నాడు సన్యాసిరావు.

మరి ఆంటీ గారిని తీసెయ్యనా అని హైమవతి అడిగింది. సంతకమైన జాబితాలోంచి ఒక పేరు తియ్యాలంటే ఎందుకు వచ్చిందో చెప్పాలి, చెబితే అన్న గారి గుట్టు కూడా బయటపడుతుంది. కాబట్టి ఆంటీ గారు అనివార్య కారణాల వల్ల రాలేకపోయినా ఆమె కుర్చీ మాత్రం హాజరవుతుందని తేల్చారు.

అయినా సన్యాసిరావు అబద్ధమాడే మనిషి కాదు. 'సదరు అన్న గారు స్వభావరీత్యా లోహమయులు, స్వతహాగా కదలలేరు, నిటారుగా నిలుచుండుటయే వారి విధి' అని కలెక్టరు గారికి ఉన్నదున్నట్టు నోటు పెట్టాడు. "ఉక్కుమనిషి అన్నమాట. పాపం, నడుం నొప్పి కూడా ఉన్నట్టుంది" అని కలెక్టరు గారు చాలా గౌరవంగా తల ఊపారు.

అక్కడి నుంచి యంత్రాంగం తన పని తాను చేసుకుపోయింది. స్పెషల్ బ్రాంచి ఇన్‌స్పెక్టరు వచ్చి అన్న గారి పుట్టు పూర్వోత్తరాలు అడిగాడు. శౌరి పలక వెనక అంటించిన చీటీ చదివి, పుట్టింది చైనాలో అన్నాడు. 'విదేశాల్లో జననం. మితభాషి. ఒంటరిగా ఉండుటకు ఇష్టపడతారు. సంబంధాలన్నీ గాలిలోనే' అని రిపోర్టు వెళ్ళింది. దాంతో కాపలాకు ఒక కానిస్టేబులు చాలడని ఇద్దరిని వేశారు. అన్న వస్తున్నాడన్న కబురు ఊళ్ళోకి పొక్కేసరికి బస్‌స్టాండు దగ్గర 'అన్నా, నీ రాక మా కాక' అని ఫ్లెక్సీ లేచింది. ఫొటో దొరకక ముఖం ఉండాల్సిన చోట ఉదయించే సూర్యుణ్ణి వేశారు. రెండు సంఘాలు అన్న మావాడంటే మావాడని కొట్టుకుని, చివరికి 'అన్నగారి యువసేన' పేరిట ఒక్కటయ్యాయి. అన్నను ఒక్కరూ చూసి ఉండకపోవడం వాళ్ళ ఐకమత్యానికి బాగా కలిసివచ్చింది.

సమన్వయ సమావేశంలో అసలు చిక్కు వచ్చింది.

"సదరు అన్న గారి ఎత్తు మంత్రివర్యుల ఎత్తు కంటె హెచ్చుగా ఉన్నట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చియున్నది. వేదికపై మంత్రివర్యులను మించి ఎవరూ ఉండరాదు" అన్నారు కలెక్టరు గారు. ఆయన మాట్లాడినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

యాంటెన్నా జనం తలల కంటె ఎత్తున లేకపోతే పనిచెయ్యదు. మంత్రిగారేమో పొట్టి. అన్నను దించడానికి వీల్లేకపోతే మంత్రివర్యులనే ఎత్తుదామని రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు మధ్యేమార్గం చెప్పాడు. మంత్రిగారి సోఫా కింద చెక్క అరుగు వేశారు. అరుగు మీద మంత్రిగారి పక్కన తమ కుర్చీ లేకపోతే రామని ఎమ్మెల్యేలు కబురు పెట్టారు. వాళ్ళకూ వేశారు. ఎమ్మెల్యేలతో సమానమని జడ్పీవారు, జడ్పీతో సమానమని మునిసిపాలిటీవారు అన్నారు. అందరూ పైకెక్కేసరికి వాళ్ళ తలలు మళ్ళీ యాంటెన్నాకు అడ్డం వచ్చాయి. యాంటెన్నాను ఇంకా లేపారు. లేపగానే మంత్రిగారు మళ్ళీ పొట్టివారయ్యారు. మళ్ళీ అరుగు వేశారు. ఈ ఎక్కుడు కార్యక్రమం పూర్తయ్యేసరికి వేదికకు మూడు వైపులా అరుగుల మీద అరుగులు లేచి, నడుమ కాస్త పల్లం మిగిలింది. పాడేవాళ్ళకు ఆ పల్లం కేటాయించారు. పెద్దలందరూ ఎత్తున, పాట గోతిలో. ఎవరికీ అభ్యంతరం లేదు, అది ఎప్పుడూ ఉన్న ఏర్పాటే కనక.

ఉత్సవం నాటి సాయంత్రం పైడమ్మ వచ్చి, పచ్చంచు నేత చీర కొంగు బిగించుకుని ఆ కట్టడాన్ని చూసింది.

"బావూ, నన్ను పాడమన్నారా, నూతిలోకి దిగమన్నారా?"

సన్యాసిరావు ఈ ఒక్క పాట ఆపకుండా పాడితే తన మోకాళ్ళు దక్కుతాయని నిజమే చెప్పుకున్నాడు. ఆమె ఆయన కాళ్ళకేసి చూసి, చెవుల్లో బఠాణీలు పెట్టుకుని పల్లంలోకి దిగింది. మైదానం అవతల తన సౌండు బల్ల దగ్గరి మైకులోంచి శౌరి ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె పైనున్న నల్లపలక వైపు చూసి నవ్వుకుంది.

ప్రసంగాలు అయ్యాయి. పాట మొదలైంది. ఎనిమిది డప్పులు ఒక్కసారి లేచాయి, వాటి మీద పైడమ్మ గొంతు ఏరు పొంగినట్టు పొంగింది. అన్న గారి చుట్టూ తాడు, ఇరువైపులా కానిస్టేబుళ్ళు, ముందర ఒక్క పురుగు లేదు. తెర చాటున సన్యాసిరావు మొదటిసారి ఊపిరి నిండుగా పీల్చుకున్నాడు.

కానీ మంత్రిగారికి ఇంకో ఊళ్ళో ఇంకో సంబరం ఉంది. సమయం కలిసివస్తుందని సన్మానాలు పాట నడుస్తుండగానే కానివ్వమని పేషీ చెప్పింది. సన్మాన బృందం అంటే పళ్ళెం పట్టుకునే ఒకడు, కప్పేవాడు ఒకడు. వాళ్ళు ముఖాలు చూడరు. కుర్చీ మీది పేరు చూడటం, శాలువా కప్పడం, దండ వెయ్యడం, ముందుకు జరగడం. ఆంటీ గారి కుర్చీ ఖాళీగా ఉండటంతో దాటేశారు. అన్న గారి దగ్గర ఆగి, జరీ శాలువా నిండుగా కప్పి, నీళ్ళోడుతున్న బంతిపూల గజమాల మెడలో వేశారు. అప్పటికి పైడమ్మ చెవిలో డప్పు కాస్త సన్నగిల్లింది. ఇంతలో సమాచార శాఖ ఫొటోగ్రాఫరు వచ్చాడు.

"అన్న గారూ, ఇటు చూడండి."

అన్న గారు చూడలేదు. ఫొటోగ్రాఫరు రెండోసారి కూడా అడిగాడు. పెద్దవాళ్ళు చెబితే తిరగరు, తిప్పాలి అని అతనికి ఏళ్ళ తరబడి అనుభవం. మెడ పట్టుకుని కెమెరా వైపు తిప్పేశాడు.

పైడమ్మ వైపు ఉండాల్సిన ముక్కు జనం వైపు తిరిగింది. ఆమె చెవిలో డప్పు చచ్చిపోయింది. వెనక ఎనిమిది డప్పులు మోగుతున్నా, చెవులు బిగించి ఉన్న ఆమెకు అవతలి ఒడ్డుకు తగిలి ఆలస్యంగా తిరిగొచ్చే మోత తప్ప ఇంకేమీ వినబడలేదు. తాళం జారింది. ఆమె చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. నిరుడు కూడా సరిగ్గా ఇలాగే వెళ్ళింది. మైదానం అవతల శౌరి కుర్చీ ఎక్కి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఉత్సాహంగా ఉన్నాడనుకుని ముందు వరుస పెద్దలు కూడా చేతులు ఊపారు.

సంగతి తెలిసిన మనిషి స్టేజీ దగ్గర ఒక్కడే. సన్యాసిరావు తెర చాటు నుంచి బయటికి వచ్చాడు. ఒక్కొక్క అరుగే ఎక్కుతుంటే మోకాళ్ళు కటకటమన్నాయి. సర్వీసంతా శాలువాలు కప్పించడమే తప్ప, కప్పిన శాలువా లాగడం ఆయన ఎరగడు. లాగాడు. దండ తీసి పక్కన పడేశాడు. నలభై మంది ప్రముఖులూ, రెండు సంఘాలూ, ఒక మంత్రీ చూస్తుండగా అన్న గారి పీక పట్టుకుని పైడమ్మ వైపు తిప్పేశాడు.

మైదానంలో గగ్గోలు పుట్టింది. అంత దూరానికి శాలువా లాగడం ఒక్కటే కనిపించి, అన్న మీద చెయ్యి చేసుకున్నాడని యువసేన బారికేడ్లు ఊపింది. కానిస్టేబుళ్ళు సన్యాసిరావును చెరో రెక్కా పట్టుకున్నారు. ఏం జరుగుతోందని మంత్రిగారు కలెక్టరు గారిని అడిగారు, కలెక్టరు గారు సన్యాసిరావు వైపు చూశారు. ఎవరో ఆయన నోటి దగ్గర మైకు పెట్టారు. "సదరు అన్న గారు..." అని మొదలెట్టాడు సన్యాసిరావు. ముప్పయ్యేళ్ళుగా ఆయన నాలుక మీద ఉన్న ఆఫీసు భాషలో ఈ నిజం చెప్పడానికి ఒక్క వాక్యమూ లేదు.

కింద పల్లంలో పైడమ్మ పాట ఆపలేదు. చెవి మూగబోయిన దగ్గర్నుంచీ ఒకే దీర్ఘం పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు డప్పు తిరిగి వచ్చింది. డప్పు వెనకే శౌరి గొంతు వచ్చింది, హైమవతి విన్నది మొదలు ఫొటోగ్రాఫరు తిప్పింది దాకా అంతా గబగబా ఆమె చెవిలో ఊదేశాడు. పైడమ్మ దీర్ఘాన్ని ఒక్క మలుపు తిప్పి, అదే పాటలోకి, అదే తాళంలోకి ఆ కథను దించింది.

"అన్న గాడురా బావూ, ఆంటీ గాదురా
అరిసి సెప్పినా ఇననోలకి యాంటెన్నారా
సెవిలోకి నా డప్పు మోసే ఇనపకొమ్మరా
దాని మెడకి దండేసి, నా పీక నొక్కేరురా"

యువసేన కుర్రాళ్ళు ఫ్లెక్సీలో సూర్యుణ్ణీ, స్టేజీ మీద నల్లపలకనూ మార్చి మార్చి చూశారు. ఎవరో ఒకడు పకాలుమన్నాడు. అంతే, ఏటి ఒడ్డు ఒడ్డంతా నవ్వింది. పైడమ్మ తల పైకెత్తి మూడు వైపులా అరుగుల మీద వరుసలు తీరిన పెద్దలను కలయజూసి, ఆఖరి చరణం అందుకుంది.

"ఇనపకొమ్మ ఒక్కతే నా పాట మోస్తంటే
ఎత్తుమీన కూకున్నోలు ఏటి మోస్తన్నారో
ఏటి సంబరాలురో, ఇయ్యేటి సంబరాలురో"

జనం పల్లవి అందుకున్నారు. వేదిక మీదివాళ్ళకు నవ్వాలో కోప్పడాలో తెలియక మంత్రిగారి వైపు చూశారు. మంత్రిగారు కెమెరా తన వైపు ఉండటం చూసి తొడ మీద తాళం వేశారు. దాంతో నలభై తొడల మీదా తాళం పడింది. తమ గురించి పాడిన పాటకు తామే తాళం వేసి, ఆఖర్న లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. పాట ఎక్కడా ఆగకుండా పూర్తయింది. ఉత్తర్వులో 'ఆగరాదు' అనే ఉంది, 'ఏం పాడరాదు' అన్నది రాయడం మరిచిపోయారు.

కానిస్టేబుళ్ళు రెక్కలు వదిలేశారు. వాళ్ళు వదలగానే మోకాళ్ళు కూడా వదిలేశాయి. సన్యాసిరావు కింద పడబోతూ చేతికి దొరికిన కుర్చీలో కూలబడ్డాడు. మెత్తగా ఉంది. వీపుకు టర్కీ తువాలు తగిలింది. ఎదురుగా జీడిపప్పు పళ్ళెం.

సన్మాన బృందం రెండో విడతలో అటు వచ్చింది. వాళ్ళు పాట వినలేదు, పని చూసుకున్నారు. ఇందాక ఖాళీగా ఉన్న కుర్చీలో ఇప్పుడు మనిషి ఉన్నాడు, పళ్ళెంలో ఒక శాలువా మిగిలి ఉంది. కుర్చీ మీది పేరు చదివి, కప్పారు.

ఫొటోగ్రాఫరు వచ్చాడు.

"ఆంటీ గారూ, ఇటు చూడండి."

సన్యాసిరావు చూశాడు.